పడమటి గోడ

"ఆ గోడ మధ్యన నా బియ్యం డ్రమ్ము ఉన్నాది. అది కదల్దు," అంది జగ్గమ్మ.

పొద్దున మొదలైన గొడవ మధ్యాహ్నం భోజనాల దాకా వచ్చింది.

"డ్రమ్ము ఎక్కడున్నా బియ్యం బియ్యమేనమ్మా. ఈ పాటల పెట్టికి అలాక్కాదు," అన్నాడు కొడుకు నవీన్.

"ఒక పెట్టి ఉన్నాది కదా. చాలదేటి?"

"ఒక్కటే ఉంటే నా కుర్చీ కాడ దబదబమంటాది. శైలజ కూకున్న కాడ ఏటీ ఇనిపించదు. తూర్పు గోడకొకటి, పడమటి గోడకొకటి ఎదురెదురుగా పెడితే గదంతా ఒక్కలాగుంటాది."

"గదంతా ఇనపడ్డానికి రెండో పెట్టెందుకురా? మీ అమ్మ ఉన్నాది కదా," అన్నాడు నరసింగరావు మజ్జిగ పోసుకుంటూ.

కోడలు శైలజ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. జగ్గమ్మ మాత్రం నవ్వలేదు. నవీన్ పాటల గది చేసుకున్నది ఆమె సామాన్ల గదినే. అన్నీ పోగా అందులో మిగిలింది ఆ డ్రమ్ము ఒక్కటే.

చివరికి అదీ కదిలింది. తండ్రీ కొడుకులు పట్టి వంటింట్లో పెట్టారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండో సబ్ వూఫర్, ఆ దబదబల పెట్టె, పడమటి గోడకు చేరింది. సాయంత్రం పాట పెట్టి గోడ మీద చెయ్యి వేస్తే సన్నటి వణుకు తెలిసింది.

ఆమదాలవలసలో వాళ్లుండేది పాత వీధి. పక్కింటికీ వాళ్లకీ ఉమ్మడిది ఆ పడమటి గోడే. అవతల సత్యానందం అద్దెకు దిగి ఎన్నాళ్లో కాలేదు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లడమే గానీ వీధిలో ఎవరితోనూ మాట లేదు.

"పొగరు. ఎనకనుంచి పిలిస్తే తిరిగైనా సూడడు," అనేది జగ్గమ్మ.

కొద్దిరోజులకే ఆమెకు ఇంకో సంగతి దొరికింది. ఇవతల పాటలు మోగుతుంటే, పెరట్లోకి అవతలి నుంచి బొంగురుగా గొణుగుడు వినిపిస్తోంది.

"ఒరే, ముసిలాయన మనల్ని తిడతన్నాడ్రా."

"ఏటని?"

"మాట తెలీట్లేదు. పాటయ్యేదాకా తిడతానే ఉన్నాడు."

ఆ మర్నాడే సత్యానందం గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, మీ పాటలకి మా గోడ కదుల్తంది," అన్నాడు గట్టిగా.

"తెలుసు బావూ. ఆ పెట్టి ఇయ్యేళే తీయించేస్తాను."

అతను ఆమె పెదాల వైపే చూశాడు. ఇంకేదో చెప్పబోయి, తలూపి వెళ్లిపోయాడు.

"ఇంటిమీదకొచ్చి అరుస్తన్నాడు కూడాను," అంది జగ్గమ్మ లోపలికొచ్చి.

చీకటి పడేలోగా డ్రమ్ము దాని చోటికి వచ్చేసింది. రెండో పెట్టె తూర్పు గోడకు, మొదటి దాని పక్కకు పోయింది. అవతల గొణుగుడు ఆగిపోయింది.

"సూసినారా, నోరు మూసినాడు," అంది జగ్గమ్మ.

కొన్నాళ్లకు సత్యానందం మళ్లీ వచ్చాడు.

"అమ్మా, గోడ..."

"ఇంకా ఏటి గోడ? తీసీసినాం కదా!"

అతను చేతులు జోడించి వెనక్కి తిరిగాడు.

క్రిస్మస్‌కు పళ్లెం నిండా గులాబీ పువ్వుల పిండివంట చేయించి తెచ్చాడు. ఆరోజు నవీన్ ఇంట్లోనే ఉన్నాడు. సత్యానందం పాటల గదిలోకి నడిచి, డ్రమ్ము పక్కన గోడకు అరచెయ్యి ఆనించాడు.

"ఇప్పుడిక్కడ ఏమీ తెలియట్లేదు బాబూ," అన్నాడు.

"హమ్మయ్య. మంచిది అంకుల్," అన్నాడు నవీన్.

సత్యానందం అతని నోటినే చూస్తూ నవ్వాడు. ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఓ తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

పక్కిల్లు కదా అని నలుగురూ వెళ్లారు. చర్చి వాళ్లు శవం దగ్గర నిలబడి పాడారు. ఆడవాళ్లవి రెండు గొంతులు, మగవాళ్లది ఒకటి, ఒకదాని మీద ఒకటి ఆనుకుని సాగే పాట. నవీన్‌కి ఏదో వెలితిగా తోచింది.

"పై గొంతులన్నీ బాగున్నాయి. అడుగు గొంతే లేదు," అన్నాడు శైలజతో మెల్లిగా.

పక్కనే ఉన్న సత్యానందం కూతురు స్వర్ణ ఆ మాట విన్నది.

"ఆ కింది గొంతు నాన్నదేనండి. వయసులో ఉన్నప్పట్నుంచీ చర్చి పాటల బృందంలో అందరి కిందా పాడే బేస్ గొంతు ఆయనే. చెవులు పూర్తిగా పోయాక మానేశారు."

"చెవులు పోడవేటమ్మా?" అంది జగ్గమ్మ.

"ఏమీ వినపడేది కాదు. మిషన్ పెట్టినా లాభం లేకపోయింది. ఈ ఇంటికొచ్చాక మీ పాటలకి గోడ కదుల్తోందని, దానికి వీపు ఆనించుకుని కూర్చునేవారు. ఏ పాటో తెలీదు. అయినా ఆ కదలిక పట్టుకుని మళ్లీ గొంతు కలిపానని ఎంత సంబరపడ్డారో! తర్వాత ఎందుకో ఆగిపోయింది."

"మమ్మల్ని అడక్కపోయారా?" అంది శైలజ.

"వచ్చారు కదండీ. వచ్చి కూడా మొహమాటపడ్డారు. చప్పుడు చెయ్యండని పక్కింటివాళ్లని ఎలా అడుగుతామే అని నవ్వేవారు."

నలుగురూ ఇంటికి వచ్చారు. స్నానాలయ్యాయి. నవీన్ పాటల గదిలోకి వెళ్లలేదు. శైలజ అన్నం వడ్డించింది.

జగ్గమ్మ తడి జుట్టు ముడేసుకుంటూ ఆ గది గుమ్మంలో నిలబడింది. గోడ వైపు చూసి, గొంతు పెంచకుండా అందరికీ చెప్పింది.

"డ్రమ్ము వంటింట్లోకి లాగీండి. ఆ పెట్టి ఇంక పడమటి గోడకే ఉంటాది. ఆయన మనల్ని తిట్టలేదర్రా, మనతో పాడినాడు."