ఒక్క ఇంటి విందు చాలు

వుకాషిన్ బాబాయ్ వంటింట్లో నేను పెట్టిన బరువు మిషన్ ముల్లు చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి వుకాషిన్ బాబాయ్ ఇది? పండుగై వారం తిరక్కుండా ఇంత లావెక్కావా? నా పరువు తియ్యడానికే ఉన్నావా ఈ ఊళ్ళో?"

బాబాయ్ మిషన్ దిగి చెప్పులేసుకున్నాడు.

మా ఊళ్ళో సగం ఇళ్ళకి స్లావా, అంటే ఇంటిని కాపాడే క్రైస్తవ సాధువు పండుగ, ఒకే రోజు వస్తుంది. జనం గుమ్మం గుమ్మం ఎక్కి మెక్కుతారు. అందుకే ఈ ఏడాది బేకరీ గోడకీ, బస్టాపుకీ, చర్చి గేటుకీ కాగితాలు అంటించాను: 'ఒక్క ఇంటి విందు చాలు. మర్నాడు పలచటి సూపు, నడక.' నర్సునై ఇన్నేళ్ళకి, మొదటిసారి ఊరు నా మాట వింది. ఈయన తప్ప.

"కాగితం చదవలేదా?"

"చదివానమ్మా. నేను ఏ ఇంటికీ వెళ్ళలేదు."

"మరి ఈ పొట్ట గాలి తాగితే వచ్చిందా?"

"మా స్లావా కూడా ఆ రోజే కదా. ఎప్పట్లాగే గొర్రెపిల్లని కాల్చి, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పెద్ద కుండెడు సర్మా వండి, తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను. అందరూ తలా ఒక ఇల్లు ఎంచుకున్నారు. మా ఇల్లు ఎవరూ ఎంచుకోలేదు."

పిలవకపోయావా అనబోయి ఆగిపోయాను. మా సెర్బుల్లో స్లావాకి ఎవరినీ పిలవకూడదు. వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రావాలి.

"సాధువు పేరున వండింది పారెయ్యలేను కదా," అంటూ బాబాయ్ పొయ్యి మీదున్న ఆ కుండ మూత తీశాడు. "నువ్వైనా ఒక సర్మా తినమ్మా. లేక ఈ రోజుకి నీ ఒక్క ఇల్లూ అయిపోయిందా?"