చాప చుట్టిన జబ్బు

ఆ రోజుల్లో జబ్బుమనిషి ఆసుపత్రిని వెతుక్కోనక్కర్లేదు. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడికి మందుల పిట్టే ఎగిరొచ్చి, రక్తం చూసి, నెలకోసారి సూది వేసి పోయేది. గోదావరి వంతెన కింద ఆ యంత్రం పిట్ట దిగేసరికి గంగరత్నం వేపపుల్ల నములుతూనే చెయ్యి చాపింది. పక్క చాప మీది వరాలమ్మ మాత్రం రక్తం చూడనిచ్చి, సూది దగ్గరకొచ్చేసరికి చెయ్యి కొంగులో దాచేసుకుంది.

“నా రక్తంలో హెచ్ఐవీ కనబడట్లేదని ఇప్పుడేగా చెప్పిందీ పిట్ట. పోయినదానికి మళ్ళీ సూదెందుకొదినా?”

గంగరత్నానికి నవ్వొచ్చింది. “నిన్న మనల్ని ఖాళీ చేయించే బండొచ్చినప్పుడు నువ్విక్కడ కనబడ్డావా?”

“ఎలా కనబడతాను? చాప చుట్టేసుకుని రేవు మెట్ల చాటున నక్కాను కదా.”

“బండి వెళ్ళిపోయాక?”

“వచ్చి పడుకున్నాను.”

“నీ ఒంట్లోదీ అంతే. సూదికి జడిసి ఓ మూల నక్కింది. సూది మానేశావా, మళ్ళీ చాప పరిచేస్తుంది.”

ఎన్నిసార్లు తరిమినా ఆ వంతెన నీడ వదలని మనిషి వరాలమ్మ. గొణుక్కుంటూనే కొంగు తీసి చెయ్యి చాపింది.

పిట్ట సూది వేసి, ఎగరబోతూ ఆగింది. “బాగా చెప్పారమ్మా. మిగతావాళ్ళకి కూడా నేనిలాగే చెప్పనా?”

“చెప్పు నాయనా,” అంది గంగరత్నం. “ఆ రేవు మెట్ల సంగతి మాత్రం బండివాళ్ళ చెవినెయ్యకు.”