పాముకి నూరు చేతుల చొక్కా

చెరువుగట్టు మీది పీత దర్జీకి తన కత్తెరలంటే మహా గర్వం. ఓ పొద్దున పాము రొప్పుతూ వచ్చి, "మామా, ఒళ్లంతా బిగుసుకుపోతోంది..." అంది.

"చొక్కా కావాలన్నమాట!" అంటూ పీత అడ్డంగా పరుగెత్తింది. పాముకి ఎలాంటి చొక్కా కావాలో దారిలో కనబడ్డవాళ్లందరినీ అడిగింది. నూరు చేతులుండాలంది జెర్రి. బురద నింపుకునే జేబు ఉండాలంది గేదె. తోకకు గంట లేకపోతే పరువు తక్కువంది మేక.

సాయంత్రానికి పీత అవన్నీ పెట్టి చొక్కా కుట్టి తెచ్చింది. పాము అందులో దూరి, దారి తప్పి, ఎక్కడో మధ్య చేతిలోంచి తల బయటపెట్టింది.

"ఇంకేం తక్కువైంది అల్లుడూ?"

"కుబుసం ఊడట్లేదు మామా. నీ కత్తెరతో కొస పట్టి లాగుతావని వచ్చాను."

పీత లాగింది. కుబుసం, చొక్కా కలిసే ఊడొచ్చాయి.

"ఈ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ?"

"అందరినీ అడుగుతున్నావు కదా, నా వంతూ వస్తుందేమోనని చూశాను."