కత్సునుమాలో దిగిన అత్తాకోడళ్లు

"స్టేషనొచ్చింది, లే," అంది అత్త తోమే.

మిహోకో నీరసంగా లేచింది. ఒక్కరోజు ఒంటరిగా కత్సునుమా ద్రాక్షతోటల్లో తిరుగుతూ వైన్ రుచి చూడాలని, ఏ రైలెక్కి ఎక్కడ దిగాలో మూడు నెలలుగా రాసుకుంది. తీరా నిన్న "నేనూ వస్తా" అంది అత్త. పన్నెండేళ్లుగా ఆవిడకు సేవ చేస్తున్న కోడలికి కాదనడానికి నోరు రాలేదు.

ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టగానే భర్త ఫోన్ చేశాడు. అత్త లాక్కుంది.

"నీ పెళ్ళాం నా పక్కనే ఉందిరా. మాటిమాటికీ విసిగించకు."

ఫోన్ తన సంచీలో వేసుకుని బెంచీ మీద కూలబడింది.

"ఇక నువ్వెళ్లు."

"మీరో, అత్తయ్యా?"

"ఈ కొండ మీది స్టేషన్ నుంచి కింద తోటల్లోకి దిగడం నా మోకాళ్ల వల్ల అవుతుందా? అన్నం ముద్దలు తెచ్చుకున్నాలే."

"మరెందుకొచ్చారు?"

"నేనింట్లో ఉంటే, అమ్మ మందులెక్కడ, అమ్మకేం వండాలి అంటూ వాడు నిన్ను మధ్యాహ్నానికల్లా వెనక్కి లాగేసేవాడు. వాళ్ల నాన్నా నన్నలాగే లాగేవాడు."

ఇన్నేళ్లూ తనను కట్టిపడేసింది ఈవిడేనని అనుకుంటూ వచ్చింది మిహోకో.

"చూస్తావేం? నాలుగున్నర బండిలోపు నాకు కనిపించావో, ఊరుకోను!"

మిహోకో మలుపు దాకా నెమ్మదిగా నడిచింది. మలుపు తిరిగాక పరుగెత్తింది.