ఏటి రాళ్లకు సరిపడే చక్రాలు

మార్నా గొడ్డలి వేటుకు కొత్త చక్రం బుస్సుమని చీలిపోయింది. కూతురు డాగ్నీ షెడ్డులో సొంతంగా కట్టుకుంటున్న బుల్లి విమానం ఒక పక్కకు ఒరిగింది. మార్నా రెండో చక్రం మీదికి వెళ్లింది.

"అమ్మా, పిచ్చి పట్టిందా!" డాగ్నీ అడ్డుపడి గొడ్డలి లాక్కోబోయింది.

మార్నా ఫెడీమని చెంప మీద కొట్టింది. కూతురి పెదవి చిట్లి నెత్తురు కారింది.

"చిన్న చక్రాలైతే రన్‌వే మీద తప్ప దిగలేవు. ఇంత లావుపాటివి బిగిస్తే సుసిట్నా ఏటి రాళ్లమీద కూడా దిగుతావు. మీ నాన్న వేటకని అక్కడ దిగే కదే చచ్చాడు!"

"వేటకి కాదమ్మా! ఇంజను ఆగిపోతే దిగాడు. వెనక సీట్లో నేనున్నాను."

ఎత్తిన గొడ్డలి ఆగిపోయింది. "ఇన్నాళ్లూ చెప్పవేమే?"

"చెప్పనిచ్చావా? నాన్న పేరెత్తితే చేతికందింది విసిరావు." డాగ్నీ నెత్తురు తుడుచుకుంది. "నాన్న చక్కగానే దించాడు. ఆ చిన్న చక్రమే రాళ్లలో కూరుకుని విమానం తిరగబడింది. ఇంజను ఆగితే రన్‌వే మనల్ని వెతుక్కుంటూ వస్తుందా?"

మార్నా గొడ్డలి కింద పడేసింది. చీలిన రబ్బరును తడిమింది.

"ఇంతకంటే పెద్దవి దొరకవటే?" అంది.