నెమరెయ్యని గొర్రె

రాసుకో బిడ్డా రజితా, మెల్లగ చెప్త.

గిప్పుడు డెబ్బై ఏండ్ల దాక అందరం రిజర్వు సిపాయిలమే గదా. సిపాయి చదువు ఇంట్లనే. గోడ మీది తెరల సారు పాఠం చెప్తడు, మనం వంకాయలు కోసుకుంట వింటం. తుపాకి పాఠం మీ నాయనమ్మ బీరవ్వ చీపురు పట్టుకోనే పాసైంది. నేను దాక్కునే పరీక్షల రెండుసార్లు ఫేలైన. మూడోసారి ఫేలైతే మూడు నెలలు క్యాంపుకు పోవాలె. గొర్రెలేమో ఈననీకి ఉన్నయి. ఎవలు చూడాలె?

పోయిన వారమే మూడో పరీక్ష. గంటసేపు డ్రోనుకు దొరకొద్దు. గొంగడి కప్పుకోని మంద నడుమ పండుకున్న. డ్రోను తిరిగి తిరిగి యాష్టకొచ్చింది. ఇంక ఐదు నిమిషాలే ఉందనంగ మీ నాయనమ్మ వచ్చి, తిన్నగ నా నడుం మీదనే ఒక్కటి తన్నింది.

"లే ముసలోడా, జొన్న గట్క సల్లారుతాంది."

డ్రోనుల నుంచి సారు అడిగిండు: "అమ్మా, నాకే దొరకలే, నీకెట్ల దొరికిండు?"

"గొర్రెలన్నీ పండుకోని నెమరేస్తున్నయి సారూ. గిదొక్కటే నోరు మూసుకోని పడున్నది."

నన్ను ఫేలు జేసిండు. "గింత చూపున్న మనిషి ఇంట్ల ఉండంగ క్యాంపెందుకు?" అని ఆమెను హవల్దారును జేసి, నన్ను ఆమెకే అప్పజెప్పిండు.

గొర్రెలకు రంది లేదు బిడ్డా. నాకే, పొద్దుగాల సెల్యూట్ కొట్టనిది చాయ్ వస్తలేదు. ఆ క్యాంపుకు దరఖాస్తు ఎట్ల పెట్టాల్నో జర చూడు.