బెంచీతో మాటలు

ముబీనా సిస్టర్ మళ్లీ ఖాళీ బెంచీతో మాట్లాడుతోంది.

అరుణ్‌కుమార్ వాచీ నొక్కాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

దేశంలో నర్సులు చాలడం లేదన్న సంగతి పైవాళ్లకు ఎట్టకేలకు తట్టింది. ఎక్కడ ఎందరు కావాలో మళ్లీ లెక్క తీసి పెద్ద ప్రణాళిక వేస్తారట! అందుకే కరీంనగర్ నుంచి అరుణ్‌కుమార్‌ను ఈ ఆరోగ్య కేంద్రానికి పంపారు. సూదికి ఎన్ని నిమిషాలు, కట్టుకు ఎన్ని, కాన్పుకు ఎన్ని. అన్నీ వాచీ పెట్టి రాయాలి. మధ్యలో కల్పించుకోకూడదు, సాయం పట్టకూడదు. అది రూలు.

ఐదేళ్ల కింద తీసిన లెక్కలో ఇక్కడికి ఒక్క నర్సు చాలని తేల్చారు. ఈసారైనా నిమిషాలు పెరిగితే రెండో నర్సు వస్తుంది. లేదంటే ఇరవై రెండు ఊళ్లకూ ముబీనా ఒక్కతే.

"జర ఓపిక పట్టు బిడ్డా, వస్తున్న," అంది ముబీనా బెంచీ వైపు తిరిగి. వెళ్లి ఓ ముసలాయనకు బీపీ చూసింది. వస్తూ మళ్లీ అక్కడే ఆగింది. "ఇగో, ఒక్క నిమిషం."

ఎంత జనం ఉన్నా ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోవడం లేదు. అరుణ్‌కుమార్ కూడా దానికి వీపు తిప్పే కూర్చున్నాడు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఉండబట్టలేక అడిగాడు.

"ఎవలతోటి మాట్లాడుతున్నరు సిస్టర్?"

ముబీనా ఏమీ దాచలేదు.

"భవ్యశ్రీ అని, తొలిసూరు కాన్పు. గా కరోనా ఏడాది. పెనిమిటి ఆటోల దింపి, అవ్వను తోలుకొస్తనని పోయిండట. నేనేమో లోపట తలుపేసుకొని ఇంకొకామె కాన్పు చేస్తున్న. తలుపు తీసేవరకు గీ బెంచీ కింద నెత్తురు మడుగు. పానం పోయింది సార్."

"ఎవలూ మిమ్ముల పిలువలేదా?" అతను వాచీ వైపే చూస్తూ అడిగాడు.

"ఎవలున్నరు సార్ పిలిచేటందుకు? ఆయా గూడ సెలవుల ఉండె. ఎవలన్న తలుపు కొడితె ఉరికొస్తుంటి గద!" ముబీనా కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎంతసేపు కూసున్నదో తెల్వది. గదే నన్ను తింటున్నది. ఐదు నిమిషాలైతె నా చేతుల లేదనుకుంట. అరగంటైతె? ఎవలన్న చెప్తె బాగుండు. అల్లా సాక్షి, నిద్ర పడ్తలే."

అయ్యో తల్లీ! ఇన్నేళ్లూ ఆ ఒక్క ప్రశ్నతోనే తెల్లారుతోంది ఆమెకు. అరుణ్‌కుమార్ కాగితాలు తిరగేశాడు.

సాయంత్రం నిమిషాలన్నీ కూడాడు. బెంచీతో మాటలు మొత్తం పద్దెనిమిది నిమిషాలు. రూలు ప్రకారం అవి 'పని కాని సమయం' కింద కొట్టేయాలి. కొట్టేస్తే రెండో నర్సుకు నిమిషాలు చాలవు. చాలాసేపు అతని పెన్ను కదల్లేదు. చివరికి 'రోగి సేవ' అన్న గడిలో పద్దెనిమిది వేశాడు.

ముబీనా తొంగి చూసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"మీరు శాన మంచోళ్లు సార్. ఇంకొక సిస్టర్ వస్తె ఏ పిల్లా గట్ల ఒక్కతే కూసోదు."

అతను కాగితాలు సర్దుకుని, ఆమె ముఖం చూడకుండా బయటపడ్డాడు. బైకు స్టార్ట్ చేశాడు కానీ గేటు దాటలేకపోయాడు.

ఆ రోజు తలుపు మూసి ఉండగా వచ్చి, అది తెరుచుకోకముందే జారుకున్న కిందటిసారి లెక్కమనిషి అతనే. ఆ బెంచీకి ఎదురుగా కూర్చుని, వాచీ పెట్టి, భవ్యశ్రీ పేరు పక్కన అతను రాసుకున్నది నలభై ఒక్క నిమిషాలు.